ఇంట్లోవాళ్ళ ఫొటోలు తీసేటప్పుడు: విశాఖవాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

పెళ్ళికీ బారసాలకీ ఫొటోగ్రాఫర్‌ని పిలుస్తాం. మిగతా రోజుల్లో ఇంట్లోనే ఎవరో ఒకరు తీస్తుంటారు. ఆ తీసేవాళ్ళ కోసం ఈ పేజీ. ఫోనుతో తీసినా, కెమెరాతో తీసినా ఫొటోలో ఉన్న మనిషి మాటే ముందు, తీసినవాళ్ళ మాట ఆ తర్వాత. కింది జవాబులన్నీ ఆ లెక్కలోనే రాశాం.

మా ఇంట్లోవాళ్ళనే కదా తీస్తున్నాం, మళ్ళీ అడగడం దేనికి?

బీచ్ రోడ్డులో ముక్కూమొహం తెలియని మనిషికి కెమెరా చూపిస్తే, ఇష్టం లేకపోతే ‘వద్దు’ అని వెళ్ళిపోతారు. ఒళ్ళో ఉన్న పసిపిల్లకి, మంచం పట్టిన తాతగారికి, కొత్తగా కాపురానికొచ్చిన కోడలికి ఆ వీలు లేదు. కాదనలేని వాళ్ళని తీస్తున్నాం కాబట్టే ముందు అడగాలి.

అడగడానికి పెద్ద తతంగం అక్కర్లేదు. ఫోను మొహం దాకా ఎత్తకుండా ఛాతీ దగ్గరే పట్టుకుని “తీయనా?” అంటే చాలు. తల తిప్పుకున్నా, కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నా వద్దన్నట్టే. పెద్దవాళ్ళు “ఇప్పుడొద్దులే అమ్మా, చీర నలిగిపోయింది” అంటే చాలాసార్లు కాస్త ఆగమని అర్థం. చీర మార్చుకుని వచ్చేదాకా ఆగండి. రెండోసారి కూడా అదే మాట వస్తే ఇక వదిలేయండి.

చట్టం సంగతికొస్తే, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు 2017 ఆగస్టులో చెప్పింది. పిల్లలకీ అది వర్తిస్తుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మాత్రం సొంత, ఇంటి అవసరాలకి వాడుకునే సమాచారాన్ని తన పరిధిలోంచి తప్పించింది. అంటే నాలుగు గోడల మధ్య మిమ్మల్ని అదుపు చేసే అధికారి ఎవరూ లేరు. ఆ పని మీరే చేసుకోవాలి.

పిల్లల్ని ఏ వయసు నుంచి అడగాలి?

మూడేళ్ళ నుంచి అడగండి. తీశాక తెర మీద చూపించండి. ఆ వయసు పిల్లలకి ఆ చూపించడమే ముఖ్యం. ఆరేడేళ్ళు వచ్చాక “ఇది తీసేయ్” అంటే వాళ్ళ కళ్ళ ముందే తీసేయండి. ఐఫోనులో తుడిచిన ఫొటో ‘రీసెంట్లీ డిలీటెడ్’లో 30 రోజులు ఉంటుంది. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయిన ఫొటో బిన్‌లో 60 రోజులు ఉంటుంది. అక్కడి నుంచి కూడా తీసేస్తేనే మాట నిలబెట్టుకున్నట్టు. పదేళ్ళు దాటాక పిల్లల మాట లేనిదే ఒక్క ఫొటో కూడా ఇల్లు దాటకూడదని మా అభిప్రాయం. దాన్ని స్టేటస్‌లో పెట్టబోయేది అత్తో బాబాయో అయినా సరే. ఇళ్ళల్లో ఫొటోల మీద వచ్చే తగాదాల్లో చాలావాటికి మొదలు ఆ స్టేటసే.

అసలు ఏవి తీయకూడదు?

స్నానం, బట్టలు మార్చుకోవడం, మరుగుదొడ్డి అలవాటు చేయడం వంటివి ఏ వయసులోనూ తీయకండి. పసిపిల్లే కదా అని తీసిన ఫొటో పదిహేనేళ్ళ తర్వాత ఎవరి ఫోనులో తేలుతుందో చెప్పలేం. బ్యాకప్ ఆన్‌లో ఉంటే ఫోనులో తీసిన ప్రతిదీ క్లౌడ్‌లోకి దానంతటదే ఎక్కేస్తుంది. అక్కడ యంత్రాలే తనిఖీ చేస్తాయి. వైద్యుడికి చూపించడానికి తీసిన బిడ్డ ఫొటో వల్ల ఖాతా మూతపడిన తండ్రి సంగతి 2022లో అమెరికాలో వార్తల్లోకెక్కింది.

అయితే ఒక్క దృశ్యం గురించి మమ్మల్ని మళ్ళీ మళ్ళీ అడుగుతుంటారు. నాన్నమ్మ పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, వాటి మీద మనవడిని పడుకోబెట్టుకుని నలుగు పెట్టి నీళ్ళు పోసే దృశ్యం. అది నిజంగా దాచుకోవలసిందే. ఆమె వెనకపక్క, భుజం ఎత్తున నిలబడండి. ఫ్రేములోకి ఆమె చేతులు, నూనె గిన్నె, ఆవిరి, బిడ్డ తల మాత్రం రావాలి. ఆమె ఒళ్ళే బిడ్డకి మరుగవుతుంది. లేదంటే ఒళ్ళు తుడిచి మెత్తటి పాతచీరలో చుట్టాక తీయండి. పొగ బాగా కనిపించాలని సాంబ్రాణి మాత్రం ఎక్కువ వేయకండి. పసి ఊపిరితిత్తులకి అది మంచిది కాదు.

తిట్లు తింటున్న పిల్ల, మార్కుల కాగితం పట్టుకుని బిక్కమొహం వేసిన పిల్లాడు, మత్తులో ఉన్న మనిషి, వీళ్ళ ఫొటోలూ వద్దు. ఏడుస్తున్న పిల్లల దగ్గర ముందు కెమెరా పక్కన పెట్టి ఎత్తుకోండి. ఏడుపు తగ్గాక తల్లి భుజం మీద వాలిన మొహం తీయొచ్చు. నిజం చెప్పాలంటే ఏడుపు ఫొటో కన్నా అదే ఎక్కువ చెబుతుంది.

మా ఇంట్లో రోజూ ఒకేలా ఉంటుంది. ఏం తీయాలి?

పండగ ఫొటోలు అందరి ఇళ్ళలోనూ ఉంటాయి. ఇరవై ఏళ్ళ తర్వాత పిల్లలు వెతికేది మామూలు రోజుల కోసం. తెల్లవారగానే మున్సిపల్ కుళాయి దగ్గర బిందెలు, గేటు ముందు ఆగిన స్కూలు ఆటో, నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటున్న నాన్న, ఆదివారం కత్తిపీట ముందేసుకుని కానాగంతలు బాగుచేస్తున్న అమ్మ, డాబా మీద ఆరబెట్టిన వడియాలకి కాపలా కాస్తున్న తాత. సింహాచలం గిరి ప్రదక్షిణ చేసొచ్చి గుమ్మంలో కూర్చుని అరికాళ్ళకి కొబ్బరినూనె రాసుకుంటున్న పిన్ని. గుడి ముందు నిలబడి తీయించుకున్న గ్రూపు ఫొటోలో ఆషాఢ పౌర్ణమి ఇంతగా కనిపించదు.

మొదలుపెట్టడానికి మేం చెప్పే పద్ధతి ఇది. ఒక వారం ఎంచుకోండి. రోజూ ఒకే గంట, పొద్దున ఏడింటి నుంచి ఎనిమిది అనుకుందాం, ఫోను వంటింటి గట్టు మీద ఉంచండి. ఆ గంటలో పది ఫొటోలకి మించొద్దు. ఎవరినీ ఇటు చూడమనొద్దు, ఏదీ సర్దొద్దు. అంట్ల గిన్నెలు, గోడ మీద క్యాలెండరు, సగం వాడిన గ్యాస్ సిలిండరు అలాగే రానివ్వండి. వెనకటి ఫొటోల్లో మనం ఆశగా వెతికేది అలాంటివాటినే. మనుషులు లేని ఫొటోలు కూడా కొన్ని తీయండి: చెప్పుల వరుస, తాతగారి కళ్ళజోడు, బీరువా తలుపుకి లోపల అంటించిన స్టిక్కర్లు.

ఇంట్లో పనిచేసే ఆవిడ ఫ్రేములో ఉంటే ఆవిడనీ అడగండి. ఒప్పుకుంటే ఒక ప్రింటు ఆవిడకీ ఇవ్వండి.

ఇంట్లో తీస్తే మసకగా, పసుపుగా వస్తోంది. ఎందుకు?

మొదట లెన్సు చూడండి. వంటింట్లో తిరిగే ఫోను లెన్సు మీద నూనె పొర పేరుకుంటుంది, దీపం చుట్టూ తెల్లటి పొగలా కనిపించేది అదే. మెత్తని నూలు గుడ్డతో తుడిస్తే సగం సమస్య తీరిపోతుంది.

తర్వాత వెలుతురు. కిటికీ వెలుతురు ఉన్నప్పుడు ట్యూబులైటు ఆపేయండి. రెండూ కలిస్తే మొహం ఒకవైపు నీలంగా, ఒకవైపు పచ్చగా వస్తుంది. మనిషిని కిటికీకి మూడు నాలుగడుగుల దూరంలో, వెలుతురు ఒక చెంప మీద పడేలా ఉండనివ్వండి. కిటికీకి వీపు చేసి కూర్చుంటే మొహం నల్లగా వచ్చేస్తుంది. ఫ్లాష్ వద్దు.

మనుషులు కదులుతుంటే కెమెరా యాప్‌లోని ప్రో మోడ్‌లో షట్టర్ 1/125 సెకనుకి పెట్టండి. పరుగెత్తే పిల్లలకి 1/500 కావాలి. దానికి ఇంట్లో వెలుతురు చాలదు కాబట్టి డాబా మీదికో వీధిలోకో వెళ్ళాల్సిందే. ఐఎస్ఓ (కెమెరా వెలుతురుని పట్టే శక్తి) 1600 దాకా పెంచినా పరవాలేదు. కాస్త గరుకుగా వచ్చినా స్పష్టంగా ఉంటే పనికొస్తుంది, కదిలిపోయింది పనికిరాదు. లైటు వెలుగులో ఫొటో మీద అడ్డంగా నల్లటి చారలు వస్తున్నాయా? మన కరెంటు 50 హెర్ట్జ్‌ది, అందువల్ల దీపాలు సెకనుకి వందసార్లు మినుకుతాయి. షట్టర్ 1/50 లేదా 1/100 పెడితే చారలు పోతాయి.

బీచ్‌లో పిల్లల్ని తీయడానికి ఏ వేళ మంచిది?

మన సముద్రం తూర్పున ఉంది. మే, జూన్‌లలో సూర్యుడు 5.30 లోపే వస్తాడు, జనవరిలో 6.30 ప్రాంతంలో. పొద్దుటి మొదటి గంట బాగుంటుంది. ఎనిమిదింటికల్లా ఎండ పైకెక్కి కళ్ళ కింద నీడలు పడతాయి. సాయంత్రం పొద్దు కొండల వైపు వాలుతుంది కాబట్టి, వాళ్ళు ఊరి వైపు తిరిగి నిలబడితే మొహాల మీద మంచి వెలుతురు, వెనక సముద్రం. డిసెంబరులో 5.30కే పొద్దుగూకుతుందని గుర్తుంచుకోండి.

ఆ ఫొటోలోనే ప్రమాదం ఉంది. సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డ పిల్లలకి అల వచ్చేది కనిపించదు. తీసేవాళ్ళు తెర చూస్తుంటారు. ఆర్‌కే బీచ్, రుషికొండ, యారాడ మూడుచోట్లా ఒడ్డు దగ్గరే లోతు పెరుగుతుంది, వెనక్కి లాగే నీరు గట్టిది. తడి ఇసుక ఎక్కడిదాకా ఉందో చూసి, దానికి పది పదిహేను అడుగులు పైన పొడి ఇసుకలోనే నిలబెట్టండి. ఫొటో తీయని పెద్దవాళ్ళు ఒకరు నీటి వైపు చూస్తూ ఉండాలి. రాళ్ళ మీద మీరు వెనక్కి నడుస్తూ తీయకండి.

ఇంటికొచ్చాక కెమెరాని, ఫోనుని కొద్దిగా తడిపిన గుడ్డతో తుడిచి, ఆ తర్వాత పొడిగుడ్డతో తుడవండి. మొదటే పొడిగుడ్డ వాడితే ఉప్పు రవ్వలు అద్దాన్ని గీకేస్తాయి.

బ్యూటీ మోడ్ ఉంటే తప్పేముంది?

చాలా ఫోన్లలో మీరు పెట్టకపోయినా అది పనిచేస్తూనే ఉంటుంది. రంగు తేలుస్తుంది, పుట్టుమచ్చ చెరిపేస్తుంది, మడతలు సాపు చేస్తుంది. అమ్మమ్మ చెంప మీది స్ఫోటకం మచ్చ, నాన్న నుదుటి మీద కుట్ల గుర్తు ఆ మనుషుల చరిత్ర. నల్లగా ఉన్న పిల్లని ప్రతి ఫొటోలో తెల్లగా చేసి చూపిస్తే ఆ పిల్ల ఏం నేర్చుకుంటుందో ఆలోచించండి. కెమెరా సెట్టింగుల్లోకి వెళ్ళి ‘బ్యూటీ’, ‘స్మూత్’, ‘ఫేస్’ అన్న మీటలన్నీ సున్నా చేయండి. సెల్ఫీ కెమెరాకి వేరుగా చేయాలి.

పాత ఫొటోలని ఏఐతో బాగుచేయించేటప్పుడు ఇంకా జాగ్రత్త. మసకబారిన కళ్ళ స్థానంలో అది తనకి తోచిన కళ్ళు గీస్తుంది. తాతగారి పోలిక పోయి ఎవరో అందమైన ముసలాయన మిగులుతాడు. చేయించుకోవాలనిపిస్తే చేయించుకోండి. అసలు స్కాన్ మాత్రం వేరే ఫోల్డరులో చెక్కుచెదరకుండా ఉండాలి. బాగుచేసిన దాని పేరులో ‘ఏఐతో మార్చినది’ అని రాయండి.

ఆసుపత్రిలో, చావు ఇంట్లో తీయొచ్చా?

ఆసుపత్రిలో మనవాళ్ళ కన్నా ముందు పక్క మంచం చూడాలి. కేజీహెచ్ లాంటి పెద్ద వార్డులో ఏ మూల నుంచి తీసినా ఇంకో ఇద్దరు రోగులు పడతారు. మొహానికి బదులు చేయి తీయండి, సెలైను పెట్టిన చేతిని పట్టుకున్న ఇంకో చేయి. మతిమరుపు వచ్చిన పెద్దవాళ్ళు ఇప్పుడు ఒప్పుకోలేరు, కాదనలేరు. ఒంట్లో బాగున్న రోజుల్లో వాళ్ళు నలుగురిలోకి ఎలా వచ్చేవాళ్ళో అలాగే తీయండి. తల దువ్వి, బొట్టు పెట్టే అలవాటుంటే బొట్టు పెట్టి.

చావు ఇంట్లో కర్మ చేసేవాళ్ళనీ, ఇంటి ఆడవాళ్ళనీ అడగకుండా ఫోను బయటికి తీయకండి. విదేశాల్లో ఉన్న పిల్లల కోసం తీయాల్సి వస్తే ఒక్కరికే ఆ పని అప్పజెప్పండి. దూరంగా, పక్క నుంచి, శబ్దం ఆపేసి తీసి, అడిగినవాళ్ళకి మాత్రమే పంపాలి.

ఇంకొకటి. దండ వేయడానికి ఫొటో కావాల్సొచ్చినప్పుడు ఎన్నో ఇళ్ళల్లో దొరికేది ఆధార్ కార్డు ఫొటో, లేదంటే ఎవరి పెళ్ళిలోనో మూల నిలబడ్డప్పటి ముక్క. అరవై దాటిన ప్రతి ఒక్కరిదీ ఏటా ఒక మంచి ఫొటో, వాళ్ళకి నచ్చిన బట్టల్లో, కిటికీ పక్కన తీసి ఉంచండి. “నా దండ ఫొటోకా?” అని వాళ్ళే నవ్వుతూ అడుగుతారు. కాదని బుకాయించకండి. ఏది ఉంచాలో వాళ్ళనే ఎంచుకోమనండి.

ఫ్యామిలీ గ్రూపులో పెడితే ఇబ్బంది ఏమిటి?

గ్రూపులో నలభై మంది ఉంటే వాళ్ళలో చాలామంది ఫోన్ల గ్యాలరీల్లో అది దానంతటదే దిగిపోతుంది. మీరు తుడిచినా అక్కడ పోతుందన్న హామీ లేదు. అందుకని పెట్టేటప్పుడే “ఇది మన గ్రూపు దాటొద్దు, స్టేటస్ వద్దు” అని ఒక ముక్క రాయండి. పిల్లల ఫొటోల్లో స్కూలు ట్యాగు, ఆటో నంబరు, ఫ్లాట్ నంబరు కనిపిస్తే కత్తిరించి పంపండి. రోజూ ఏ వేళకి ఏ ట్యూషన్‌కి వెళ్తుందో తెలిసే ఫొటోలు బయట పెట్టనే వద్దు. స్కూలు వార్షికోత్సవంలో మీ అమ్మాయి పక్కన నిలబడ్డ పిల్లలకీ తల్లిదండ్రులున్నారు.

ఫొటో ఫైలులోనే తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా దాగి ఉంటుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఆ వివరం పోతుంది, నాణ్యతా తగ్గుతుంది. డాక్యుమెంటుగా పంపితే రెండూ ఉంటాయి. కాబట్టి డాక్యుమెంటుగా పంపేది ఇంటివాళ్ళకి మాత్రమే. కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపేసుకుంటే ఈ బెడదే ఉండదు.

మీ ఇంటివాళ్ళ ఫొటోని ఎవరైనా మార్చి, బెదిరించి వాడుకుంటే వెంటనే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు రాయండి. పిల్లల విషయమైతే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 కూడా ఉంది. తుడిచేయడానికి ముందు స్క్రీన్‌షాట్, లింకు, తేదీ భద్రం చేయండి. ఒంటి మీద బట్టలు లేని స్థితిని అనుమతి లేకుండా తీసినా, పంపినా ఐటీ చట్టం 66ఇ కింద మూడేళ్ళ దాకా జైలు పడొచ్చు.

మాది నేవీ కుటుంబం. వేరే జాగ్రత్తలు ఉన్నాయా?

ఉన్నాయి. విశాఖ తూర్పు నౌకాదళ ప్రధాన స్థావరం. డాక్‌యార్డు, క్వార్టర్ల గేట్లు, నౌకలు, గుర్తింపు కార్డు కనిపించే ఫొటోలు తీయనే కూడదు. నౌకాదళ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా రన్‌వేని విమానం కిటికీలోంచి తీయడమూ అంతే. నాన్న ఓడ ఏ రోజు బయల్దేరిందో పిల్లలు స్టేటస్‌లో రాసేస్తుంటారు, దాన్ని ముందే చెప్పి ఆపాలి. బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి మ్యూజియం ముందు మాత్రం హాయిగా తీసుకోండి.

పసిబిడ్డని తీస్తే దిష్టి తగులుతుందని మా అత్తగారు వద్దంటున్నారు.

ఆవిడ మాట వినండి. నమ్మకం ఉన్నా లేకపోయినా, ఊరందరి కళ్ళూ బిడ్డ మీద పడకూడదన్న ఆ జాగ్రత్త ఇప్పటి ఫోన్ల కాలానికి బాగా సరిపోతుంది. మొహం రాకుండా పాదాలు, పిడికిలి తీయండి, ఇంట్లోనే ఉంచండి.

అన్నీ నేనే తీస్తాను, నేను మాత్రం ఏ ఫొటోలోనూ లేను.

ఈ మాట ఎక్కువగా తల్లులే అంటారు. నెలాఖరున గ్యాలరీ తెరిచి ఎవరు ఎన్నిసార్లు ఉన్నారో లెక్కపెట్టండి. తక్కువ ఉన్నవాళ్ళని వచ్చే నెల ముందు తీయాలి. ఫోను ఎనిమిదేళ్ళ పిల్లాడికిచ్చి “అరగంట నీ ఇష్టం, ఎవరినైనా తియ్యి, ముందు అడిగి తియ్యి” అనండి. వాడి ఎత్తు నుంచి మీ ఇల్లు ఎలా ఉంటుందో మీకు ఇంకోలా తెలిసే దారి లేదు.

పెళ్ళి ఫొటోల మీద హక్కు ఎవరిది?

1957 కాపీరైటు చట్టం సెక్షన్ 17 ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్నవాళ్ళదే. మీరు సొంతంగా తీస్తే మీది. ఫొటోగ్రాఫర్‌తో ముందే కాగితం మీద రాసుకోండి: ఫైళ్ళన్నీ పూర్తి సైజులో ఇవ్వాలి, మా అనుమతి లేకుండా ప్రచారానికి వాడకూడదు. కాపీరైటు మీదైనంత మాత్రాన అందులో ఉన్నవాళ్ళని అడగకుండా పెట్టేయొచ్చని కాదు.

వేలకొద్దీ ఉన్నాయి. ఏం ఉంచాలి, ఎలా?

నెలకి ఒక సాయంత్రం కేటాయించండి. ఒకేలాంటి పది ఉంటే ఒకటి ఉంచండి. నెలకి 30 ఫొటోలు ఉంచి, వాటిలోంచి ఏడాదికి వంద ప్రింట్లు తీయిస్తే ఇంటికి అది చాలు. 4×6 ప్రింటుకి కనీసం 1200×1800 పిక్సెళ్ళు కావాలి. ఫైలు పేరులో తేదీ ముందు రాయండి, 2025-01-13-భోగి-పెదవాల్తేరు అన్నట్టు, అప్పుడు వరుస దానంతటదే కుదురుతుంది. ఎవరెవరున్నారో, తీసింది ఎవరో కూడా రాయండి. ‘అత్తయ్య’ అని రాస్తే మీ మనవలకి ఏ అత్తయ్యో తెలియదు, పూర్తి పేరు రాయాలి. ప్రింటు వెనక అంచున మెత్తని పెన్సిలుతో రాయండి. బాల్‌పెన్ను ముందువైపు గుంట చేస్తుంది, జెల్ ఇంకు పై ఫొటోకి అంటుకుంటుంది.

మూడు కాపీలు ఉండాలి: ఫోను, హార్డ్‌డిస్కు, వేరే ఊళ్ళో ఒకటి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ ఊరంతా ఒక్కసారే తడిసింది. ఊళ్ళోనే రెండిళ్ళల్లో పెట్టుకోవడం చాలదు. గూగుల్‌లో ఉచిత స్థలం 15 జీబీ మాత్రమే, అదీ మెయిలుతో కలిపి. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజున ఆల్బములు రెండు పొరల ప్లాస్టిక్ కవరులో కట్టి బీరువా మధ్య అరలో పెట్టండి. అటక మీద కారుతుంది, నేల మీద నీరొస్తుంది.

పాత ఆల్బములు, కెమెరా బూజు పడుతున్నాయి.

మన గాలిలో తేమ ఏడాదిలో చాలా రోజులు 70 శాతం పైనే. లెన్సులో సాలెగూడు దారాల్లా కనిపించేది బూజే. రబ్బరు అంచు ఉన్న ప్లాస్టిక్ డబ్బా, పావుకిలో సిలికాజెల్, చిన్న తేమ మీటరు కొనండి. మీటరు 40 నుంచి 50 మధ్య ఉండాలి. జెల్ రంగు మారితే 120 డిగ్రీల ఓవెన్‌లో గంటన్నర ఉంచితే మళ్ళీ పనికొస్తుంది. తోలు సంచీలో దాచకండి, తోలే బూజుకి ఇల్లు. బియ్యం డబ్బాలోనూ పెట్టకండి, పిండి లోపలికి పోతుంది. ఏసీ గదిలోంచి బయటికి తెచ్చేటప్పుడు కవరు మూతి కట్టి అరగంట ఆగితే లెన్సు చెమ్మగిల్లదు.

జిగురు పేజీల ఆల్బములో ఉన్నవాటిని ముందు స్కాన్ చేయండి: మామూలు ప్రింటు 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), పాస్‌పోర్టు సైజు 1200లో, నెగెటివ్ 2400కి తగ్గకుండా. ఆ తర్వాతే పాలీప్రొపిలీన్ కవర్లలోకి మార్చండి. సముద్రం వైపు గోడకి ఆనించి పెట్టొద్దు.

ఫ్రేము అద్దానికి ఫొటో అంటుకుపోయిందా? లాగకండి, మొహమే అద్దం మీద ఉండిపోతుంది. అద్దంతో సహా స్కానరు మీద పెట్టి ముందు కాపీ తీయండి. స్కానరు లేకపోతే గదిలో దీపాలన్నీ ఆపి, కిటికీ వెలుతురు పక్క నుంచి పడేలా ఫ్రేము నిలబెట్టి, మీ వెనక నల్లటి దుప్పటి కట్టి, కెమెరాని అద్దానికి సరిగ్గా సమాంతరంగా పట్టుకుని తీయండి. నీళ్ళలో నానబెట్టి ఊడదీయడం కొన్నిటికి పనిచేస్తుంది కానీ, స్టూడియోలో చేత్తో రంగులద్దిన పాత ఫొటో అయితే రంగంతా నీళ్ళలో కలిసిపోతుంది. అలాంటిదాన్ని అద్దంతోనే ఉండనివ్వండి.